విజయనగరములో ఒక దినము

పెద్దల చేయి పట్టుకొని చూచిన ఊరు వేరు, ఒంటరిగా తిరిగి చూచిన ఊరు వేరు. పెద్దల వెంట నడచునపుడు మన కన్నులు అంగళ్ళ మీదనే యుండును. త్రోవ సంగతి వారు చూచుకొందురు. ఒంటరిగా నడచునపుడు ప్రతి మలుపును మనమే గుర్తుంచుకొనవలెను. అందుచేతనే అట్లు చూచిన ఊరు జీవితాంతము మనస్సులో నిలిచిపోవును. నేను మీవలెనే ఎనిమిదవ తరగతి చదువుచుండగా ఒక దినము ఒంటరిగా విజయనగరము వెళ్ళి వచ్చితిని. అది 1973వ సంవత్సరము మార్చి మాసము. ఆనాటి సంగతి మీకు చెప్పెదను.

మాది శ్రీకాకుళము జిల్లాలోని పొందూరు. సన్నని ఖద్దరునకు ఆ ఊరు పేరు పొందినది. అచ్చటి స్త్రీలు వాలుగ చేప దవడ యెముకతో ప్రత్తిని దువ్వి శుభ్రపరచి, రాట్నముపై సన్నని నూలు వడకుదురు. మా అమ్మ నూలు వడకెడిది. మా తండ్రిగారు మగ్గము నేసెడివారు. విజయనగరములోని ఒక వృద్ధ పండితులు రెండు జతల పంచెలు నేసి తెచ్చి యిమ్మని మా తండ్రిగారితో చెప్పియుండిరి. పంచెలు సిద్ధమగునప్పటికి మా తండ్రిగారు జ్వరముతో మంచము పట్టిరి. ఇంటిలో మందులకు డబ్బు లేదు. పంచెలు చేర్చినగాని డబ్బు రాదు. అమ్మ ఆయన మంచము విడిచి కదలుటకు వీలులేదు. ఇంటిలో మగపిల్లవాడను నేనొక్కడనే. ఆ పని నా మీద పడినది.

బయలుదేరునపుడు మా తండ్రిగారు నన్ను దగ్గరకు పిలిచి, "నాయనా! ఊరు క్రొత్తదని భయపడకుము. ఎత్తయినది ఒకటి చూచి గుర్తు పెట్టుకొనుము. మలుపు తిరిగినప్పుడెల్ల ఒక్కసారి వెనుకకు తిరిగి చూడుము. వచ్చునపుడు నీకు కనబడు త్రోవ అదియే. తెలియనిచో పెద్దలను అడుగుము. నోరు మంచిదైన ఊరు మంచిదగును" అని చెప్పిరి. పండితులవారి చిరునామా వ్రాసిన కాగితమును నా చొక్కా జేబులో పెట్టిరి. సాయంకాలపు బండికి తప్పక తిరిగి రావలెనని అమ్మ మూడు మారులు చెప్పెను.

ఉదయపు బండి సిగడాము, చీపురుపల్లి, గరివిడి, నెల్లిమర్ల స్టేషనులను దాటి విజయనగరము చేరెను. హౌరా నుండి మద్రాసు పోవు ప్రధాన మార్గమునుండి రాయపూరు పోవు మార్గము చీలునది అచ్చటనే. అన్ని పట్టాలను, అందరు మనుష్యులను నేను అంతకుముందు ఒక్కచోట చూచియుండలేదు. ఆనాటికి విజయనగరము విశాఖపట్టణము జిల్లాలోనిది. 1979 జూన్ 1వ తేదీన అది ప్రత్యేక జిల్లాకు ముఖ్యపట్టణమయ్యెను.

స్టేషను వెలుపల ఒక రిక్షావాడు "ఏ ఊరు బాబూ?" అని అడిగెను. నేను పల్లెటూరివాడనని అతనికి ఎట్లు తెలిసెనో యని నాకు సిగ్గు కలిగెను. ఏమియు పలుకక, ఊరంతయు తెలిసినవానివలె తల యెత్తి నడచితిని. ఆ సిగ్గే నన్ను ఆనాడు త్రోవ తప్పించినది.

స్టేషనునకు చేరువనే పైడితల్లి అమ్మవారి వనంగుడి కలదు. ఊరి నడుమ మూడు లాంతర్లు అను కూడలిలో అదే అమ్మవారికి చదురుగుడి కలదు. పైడితల్లి విజయనగర ప్రభువైన పెద విజయరామరాజు చెల్లెలనియు, 1757 జనవరిలో జరిగిన బొబ్బిలి యుద్ధకాలమున ఆమె దేహము చాలించి దేవతగా వెలసెననియు, పెదచెరువులో ఆమె విగ్రహము దొరకెననియు జనులు చెప్పుకొందురు. ఏటేట విజయదశమి తరువాతి మంగళవారమున అచ్చట సిరిమానోత్సవము జరుగును. పొడవైన మాను చివరనున్న ఆసనముపై పూజారి కూర్చుండగా, ఆ మానును చదురుగుడి నుండి కోట వరకు మూడు మారులు ఊరేగింతురు. ఈ కథ అమ్మ చెప్పగా వింటిని గాన ఆ రెండు గుడులు నాకు సులభముగనే గుర్తుండెను.

మూడు లాంతర్ల కూడలి దాటిన పిదప అంగళ్ళ రద్దీ మొదలయ్యెను. చిరునామా చూడవలెనని జేబులోని కాగితము తీసితిని. నా గుండె ఝల్లుమనెను. మూటను రొమ్మునకు అదిమి పట్టుకొని నడచుటచే చెమటకు కాగితము తడిసి సిరా కరిగిపోయియుండెను. 'సంగీత కళాశాల' అను రెండు మాటలు తప్ప మరేమియు కనబడలేదు. అప్పుడైనను ఎవరినో ఒకరిని అడుగవలసినది. నేను అడుగలేదు. నా తెలివితోనే కనుగొందునని నడచితిని.

కొంతదూరము పోవగా గంటస్తంభము కనబడెను. 1885లో కట్టిన ఆ స్తంభము ఎత్తు 68 అడుగులు. తండ్రిగారు చెప్పిన 'ఎత్తయినది' ఇదియే యని సంతోషించి దానిని గుర్తు పెట్టుకొంటిని. ఒక వీధిలో పోయి, సందులు తిరిగి, మరల గంటస్తంభము వద్దకే వచ్చితిని. ఇంకొక వీధిలో పోయితిని. మరల అచ్చటికే వచ్చితిని. మూడవ మారును అట్లే జరిగెను. కారణమేమో నాకు అప్పుడు తెలిసినది. ఆ స్తంభము ఎనిమిది పలకలుగా కట్టబడినది. ఏ వీధినుండి చూచినను ఒక్కతీరుగనే కనబడును. నేనెక్కడ నున్నానో అది చెప్పును గాని, ఏ దిక్కునకు తిరిగి నిలిచియున్నానో చెప్పదు. సూర్యుని చూచి దిక్కు తెలిసికొందమన్న మిట్టమధ్యాహ్నమయ్యెను. నా నీడ నా కాళ్ళ క్రిందనే యుండెను. పైగా నేను మలుపు తిరిగినప్పుడు ఒక్కసారియైనను వెనుకకు చూడలేదు. ఆకలి వేయుచుండెను. బండి తప్పిపోవునేమో, నాయనకు మందులు అందవేమో యని కన్నుల నీరు తిరిగెను.

స్తంభమునకు దగ్గరలో ఒక ముసలమ్మ గంపలో పచ్చి మామిడికాయలు పెట్టుకొని అమ్ముచుండెను. ఆమెయే నన్ను పిలిచి, "ఏటి బాబూ, మూడుసార్లు ఇక్కడికే వచ్చావు. ఎక్కడికెల్లాల?" అని అడిగెను. నేను మాట పెగల్చుకొని, "సంగీత కళాశాలకు వెళ్ళాలి మామ్మా. దారి తెలియలేదు" అంటిని. ఆమె నవ్వి, "అడిగితే నోరు అరిగిపోద్దేటి? ముందు కోట కాడికెల్లు. అక్కడ మల్లీ అడుగు. అంతా ఒక్కసారే సెప్తే నీకు గుర్తుండదు" అని, తన కుండలోని నీరు త్రాగుటకిచ్చి వీధి చూపెను.

ఆ ముసలమ్మ అక్షరములు నేర్చినదో లేదో నేనెరుగను. కాని దూరపు త్రోవను ముక్కలుగా అడుగవలెనను సంగతిని ఆమెయే నాకు నేర్పినది. మొదటి మజిలీ చేరిన పిదపనే రెండవదానిని గూర్చి అడుగవలెను. ఆనాటినుండి నేను క్రొత్త ఊరిలో త్రోవనే కాదు, క్రొత్త విద్యను కూడ అట్లే అడిగి తెలిసికొంటిని.

కోట చేరి కొంతసేపు నిలిచి చూచితిని. నాలుగు మూలల బురుజులతో రాతి గోడలు గంభీరముగా నుండెను. 1713లో విజయ నామ సంవత్సరమున, విజయదశమినాడు, జయవారమనబడు మంగళవారమున, విజయరామరాజు ఆ కోటకు శంకుస్థాపన చేసెనని చెప్పుదురు. అన్నింటను విజయమే గాన ఊరు విజయనగరమైనదని పెద్దల మాట. 1958లో ఏర్పడిన మాన్సాస్ అను ధర్మసంస్థ పక్షమున ఆ కోటలో విద్యాలయములు నడచుచుండెను. రాజుల కోటలో పుస్తకములు చేతబట్టిన విద్యార్థులు తిరుగుట చూచి నాకు ఆశ్చర్యమును, ఆనందమును కలిగెను.

వారిలో ఒకనిని, "అన్నా! సంగీత కళాశాల ఎటు?" అని అడిగితిని. ఈమారు సిగ్గు కలుగలేదు. అతడు కోట ముందరి మైదానమును చూపి, "ఇదియే బొంకులదిబ్బ. కన్యాశుల్కము నాటకము మొదలగునది ఇచ్చటనే. గిరీశము మొట్టమొదట మనకు కనబడునది ఈ చోటనే" అని చెప్పెను. గురజాడ అప్పారావుగారు ఆ ఊర నివసించి ఆ నాటకమును రచించిరి. 1892లో అది మొదట ప్రదర్శింపబడెను, 1897లో అచ్చయ్యెను. పుస్తకములోని చోటు నా కాళ్ళ క్రింద నున్నదని తెలిసినప్పుడు ఆ మట్టిని వంగి చూచితిని. గురజాడవారు నివసించిన గృహము నేటికిని ఆ ఊర స్మారకముగా నిలిచియున్నది.

అతడు చెప్పిన వీధిలో పోవగా దూరమునుండి వయొలిను నాదము వినబడెను. అంతట త్రోవ అడుగ నవసరము లేకపోయెను. చెవియే దారి చూపినది. అది 1919లో స్థాపింపబడిన సంగీత కళాశాల. హరికథా పితామహులైన ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి మొదటి అధ్యక్షులు. వయొలిను విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడుగారు అచ్చట ఆచార్యులుగా నుండి తరువాత అధ్యక్షులైరి. ద్వారము కడ నున్న బంట్రోతును పొందూరు పంచెలు కోరిన పండితుల యిల్లు అడుగగా, అతడు నన్ను వెంటబెట్టుకొనిపోయి చూపెను.

పండితులవారు పంచె మడత విప్పి వెలుతురునకు పట్టి చూచిరి. "మీ నాయన చేయి ఇది" అని డబ్బు లెక్కపెట్టి యిచ్చిరి. నాకు భోజనము పెట్టించిరి. నేను త్రోవ తప్పి దిగులు పడిన సంగతి విని ఇట్లనిరి: "నీవు ఒక్క పూట దిగులు పడితివి. కృష్ణా జిల్లానుండి ఒక పిల్లవాడు, తండ్రి పోయిన పిదప, వ్రేలి ఉంగరము అమ్ముకొని సంగీతము నేర్చుకొనుటకు ఈ ఊరు వచ్చెను. ఇచ్చట అతనికి తెలిసినవారు లేరు. పట్రాయని సీతారామశాస్త్రిగారు అతనిని చేరదీసి విద్య చెప్పిరి. జోలె పట్టి ఇంటింట మధూకరమెత్తి ఆకలి తీర్చుకొనెను. ఈ వీధుల తల్లులు పెట్టిన అన్నము తిని పెరిగిన గొంతుక అది. అతడెవరో తెలియునా? ఘంటసాల వేంకటేశ్వరరావు."

నేను నిశ్చేష్టుడనైతిని. మా యింటి ఎదుట టీ దుకాణములోని రేడియోలో ప్రతిదినము వినబడు గొంతుక అది! క్రొత్త ఊరిలో అన్నము అడుగుటకు ఆయన సిగ్గుపడలేదు. నేను త్రోవ అడుగుటకు సిగ్గుపడితిని.

పండితులవారు స్టేషనువరకు మనిషిని పంపెదమనిరి. నేను వలదని చెప్పి బయలుదేరితిని. డబ్బును మొలలో భద్రపరచుకొంటిని. కళాశాల, కోట, గంటస్తంభము, మూడు లాంతర్లు, వనంగుడి, స్టేషను అని త్రోవను తిరుగువరుసలో వల్లె వేయుచు నడచితిని. గంటస్తంభము కడ ముసలమ్మ ఇంకను కూర్చుండియుండెను. "దొరికిందా బాబూ ఇల్లు?" అని అడిగెను. దొరికినదని చెప్పి రెండు మామిడికాయలు కొంటిని. ఆమె ఇంకొకటి కొసరు వేసి, "మీ అమ్మకి" అనెను.

చీకటి పడునప్పటికి ఇల్లు చేరితిని. మా తండ్రిగారు మంచముపై లేచి కూర్చుండిరి. డబ్బు ఆయన చేతిలో పెట్టితిని. ఆయన దానిని లెక్కింపలేదు. "ఎవరెవరిని అడిగితివి?" అని ప్రశ్నించిరి. ముసలమ్మను, విద్యార్థిని, బంట్రోతును చెప్పి, పండితులవారి ఆదరణను కూడ వివరించితిని. మా తండ్రిగారు చిరునవ్వు నవ్వి, "అయితే ఇక విజయనగరము నీకు క్రొత్త ఊరు కాదు. అచ్చట నీకు తెలిసినవారు నలుగురున్నారు" అనిరి.

బాలబాలికలారా! నేడు చేతిలోని ఫోను ఏ ఊరి త్రోవనైనను చూపును. అది మంచి సాధనమే, వాడుకొనుడు. కాని పెద్దలకు చెప్పక ఎచ్చటికిని ఒంటరిగా పోకుడు. చిరునామాను కాగితముపైనే కాక మనస్సులోను వ్రాసికొనుడు. మలుపు కడ వెనుదిరిగి చూడుడు. ముఖ్యముగా అడుగుటకు సిగ్గుపడకుడు. ఫోను మనలను ఇంటి గుమ్మము వరకు చేర్చగలదు గాని, మామిడికాయ కొసరు వేయలేదు.

ప్రశ్నలు

1. గంటస్తంభము కనబడుచున్నను బాలుడు త్రోవ తప్పుటకు కారణములేవి?
2. ముసలమ్మ చెప్పిన మాటలలోని నీతి యేమి?
3. పండితులవారు ఘంటసాల బాల్యమును ఏల చెప్పిరి?
4. మీరు చూచిన ఒక క్రొత్త ఊరిలో మీకు సహాయపడినవారిని గూర్చి పది వాక్యములు వ్రాయుడు.