గది కూడా పాడుతుంది!

ఇంటికి సున్నం వేసేటప్పుడు, సామానంతా బయట పెట్టిన గదిలో మీరెప్పుడైనా మాట్లాడి చూశారా? మీ గొంతు ఖంగున మోగి మీకే కొత్తగా వినిపిస్తుంది. మారింది గొంతు కాదు, గది. స్పీకరు నుంచి వచ్చే పాటనూ గది ఇలాగే మార్చేస్తుంది.

గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 344 మీటర్లు. మీ గది పొడవు 5 మీటర్లనుకోండి. 10 మీటర్ల తరంగదైర్ఘ్యం గల ధ్వనిలో సరిగ్గా సగం తరంగం అందులో ఇముడుతుంది. దాని పౌనఃపున్యం ఎంత? 344ను 10తో భాగించండి. సుమారు 34 హెర్ట్జ్‌లు. ఈ ధ్వని ఎదురెదురు గోడల మధ్య పరావర్తనం చెంది స్థిర తరంగంగా ఏర్పడుతుంది. గోడల దగ్గర అది హోరెత్తుతుంది. గది నడుమ మాత్రం తరంగాలు ఒకదానినొకటి రద్దు చేసుకోవడం వల్ల దాదాపు వినిపించదు.

ఈ హెచ్చుతగ్గులను సరిదిద్దడానికి ఇప్పుడు కంప్యూటర్ ప్రోగ్రాములు ఉన్నాయి. మనం కూర్చునే చోట మైక్రోఫోన్ ఉంచితే, ప్రోగ్రాము స్పీకరు చేత రకరకాల పౌనఃపున్యాలను పలికించి, ఏది ఎంత వినిపించిందో కొలుస్తుంది. ఎక్కువైన దానిని తగ్గిస్తుంది, తక్కువైన దానిని పెంచుతుంది.

తగ్గించడం తేలికే. చిక్కంతా పెంచడంలోనే ఉంది. ధ్వనిని 10 డెసిబెల్‌లు పెంచాలంటే 10 రెట్లు సామర్థ్యం కావాలి. అంటే 20 వాట్లు ఇస్తున్న యాంప్లిఫయరు 200 వాట్లు ఇవ్వాలన్నమాట! దాని శక్తి 100 వాట్లే అయితే తరంగాల కొనలు తెగిపోయి పాట గరగరలాడుతుంది. స్పీకరులోని తీగచుట్ట వేడెక్కి కాలిపోవచ్చు కూడా. పోనీ, ఇంత చేసినా గది నడుమ ఫలితం ఉందా? లేదు. నేరుగా వచ్చే ధ్వనితోబాటు గోడ నుంచి తిరిగివచ్చే ధ్వనీ పెరుగుతుంది. రెండూ మళ్ళీ రద్దవుతాయి!

కాబట్టి ప్రోగ్రాము, యాంప్లిఫయరు, స్పీకరు, ఈ మూడింటికీ పొత్తు కుదరాలి. చిన్న స్పీకరు 80 హెర్ట్జ్‌లకు దిగువ ధ్వనులను పలకలేకపోతే, వాటిని సబ్‌వూఫరు అనే పెద్ద స్పీకరుకు అప్పగించాలే గాని, చిన్నదానిని బలవంతపెట్టరాదు. ఇక గది నడుమ లోపానికి మందు ఏమిటి? కుర్చీని కొంచెం వెనక్కు జరపడమే! దానికి పైసా ఖర్చు లేదు.

మీరే చేసి చూడండి: ఇంట్లో పెద్దలనడిగి, ఫోనులో 500 హెర్ట్జ్‌ల నాదాన్ని పలికించండి. ఫోనును ఖాళీ గోడకు ఎదురుగా 2 మీటర్ల దూరంలో, బల్లమీద పెట్టండి. ఒక చెవి మూసుకొని, రెండో చెవిని ఫోనుకూ గోడకూ మధ్య మెల్లగా జరపండి. నాదం ఒకచోట తగ్గి, మరొకచోట పెరిగి, మళ్ళీ తగ్గుతుంది. తగ్గిన రెండు చోట్ల మధ్య దూరాన్ని కొలవండి. అది సుమారు 34 సెంటీమీటర్లు ఉండాలి. అంటే తరంగదైర్ఘ్యంలో సగం. దీని నుంచి ధ్వని వేగాన్ని మీరే లెక్కకట్టగలరా?