తీగ భద్రమే, కీబోర్డు సంగతేమిటి?

ఊరు కాని ఊళ్లో, మనది కాని కంప్యూటర్ ముందు కూర్చుని సర్వర్‌లో ఫైలు సరిచేయవలసిన అవసరం మీలో చాలామందికి వచ్చే ఉంటుంది. ఈసారి పాఠం దాని గురించే.

2007లో నేను రియాద్‌లో ఒక ప్రాజెక్టు మీద ఉన్నాను. అప్పట్లో సౌదీలో వారాంతపు సెలవులు గురు, శుక్రవారాలు (2013లో శుక్ర, శనివారాలకు మారాయి). గురువారం రాత్రి హైదరాబాదు నుంచి ఫోన్: "అన్నా, క్లయింట్ సైట్ పడిపోయింది!" నా ల్యాప్‌టాప్ ఆఫీసులో ఉంది, ఆఫీసుకు తాళం. బథాలో ఒక నెట్ సెంటర్‌కి పరుగెత్తాను. పుట్టీ దించుకుని, రూట్ పాస్‌వర్డ్ కొట్టి, వీఐలో అపాచీ కాన్ఫిగ్ ఫైలు సరిచేశాను. పది నిమిషాల్లో సైట్ లేచింది.

నాలుగు రోజుల తర్వాత లాగ్ చూస్తే, నేను నిద్రలో ఉన్న వేళ ఎవరో రూట్‌గా లాగిన్ అయ్యారు. సర్వర్ మొత్తం మళ్లీ కట్టడానికి రెండు రాత్రులు పట్టింది. కారణం క్లయింటుకు నేనే చెప్పుకోవలసి వచ్చింది.

ఎస్ఎస్‌హెచ్ వాడాను కదా, పొరపాటు ఎక్కడ? నెట్‌వర్క్‌లో పాస్‌వర్డ్‌లు దొంగిలిస్తున్నారని 1995లో ఫిన్లండ్‌లో తాతు యులోనెన్ దాన్ని రాశారు. అది తీగ మీద వెళ్లేదాన్ని దాస్తుంది. కీలాగర్ అంతకు ముందే, మనం మీట నొక్కగానే పట్టుకుంటుంది. న్యూయార్క్‌లో కాపీ షాపుల కంప్యూటర్లలో కీలాగర్లు పెట్టి 450కి పైగా యూజర్ పేర్లు, పాస్‌వర్డ్‌లు లాగిన ఒక యువకుడు 2003లో నేరం ఒప్పుకున్నాడు.

ఇక జాగ్రత్తలు:

1. ఈ రోజుల్లో మీ ఫోన్‌లోనే ఎస్ఎస్‌హెచ్ యాప్ పెట్టుకోవచ్చు. తెర చిన్నదైనా అదే మేలు.

2. తప్పనిసరైతే రూట్ వద్దు. తక్కువ హక్కులున్న వేరే ఖాతా, దానికి 30 సెకన్లకోసారి మారే ఓటీపీ ముందే పెట్టుకోండి. దొంగిలించిన కోడ్ తర్వాత పనికిరాదు. అయితే నడుస్తున్న సెషన్‌ను ఓటీపీ కాపాడలేదు, కాబట్టి పని త్వరగా ముగించండి. ప్రైవేట్ కీ ఉన్న పెన్‌డ్రైవ్ మాత్రం అక్కడ గుచ్చకండి.

3. సర్వర్ ఫింగర్‌ప్రింట్ కాగితం మీద రాసి ఉంచుకోండి. పుట్టీ మొదటిసారి అడిగినప్పుడు పోల్చి చూశాకే ఒప్పుకోండి.

4. లాగిన్ కాగానే స్క్రీన్ గానీ టీమక్స్ గానీ మొదలుపెట్టండి. లైను తెగినా మీ పని సర్వర్‌లో అలాగే ఉంటుంది.

5. ముందు ఫైలుకు నకలు తీసి, తర్వాత మార్చండి. అపాచీకి సింటాక్స్ పరీక్ష ఉంది. అది సరే అన్నాకే రీలోడ్ చేయండి. వీఐ మాట వినకపోతే కంగారు పడకండి, కీబోర్డు అరబిక్‌లోకి మారి ఉంటుంది. విండోస్‌లో సాధారణంగా ఆల్ట్, షిఫ్ట్ కలిపి నొక్కితే ఇంగ్లీషుకు వస్తుంది.

6. మీ సొంత మెషిన్ దొరకగానే పాస్‌వర్డ్ మార్చి, 'లాస్ట్' కమాండ్‌తో ఎవరెవరు వచ్చారో చూడండి.

నేను ఆ రాత్రి ఆరోది చేసి ఉంటే మిగతా కథ ఉండేది కాదు. మీ సర్వర్‌కు ఓటీపీ లేకపోతే, ఫోన్ మోగకముందే పెట్టుకోండి.