రిగ్లీ ఫీల్డు: రెండాటల కొక్క రంగము

మన బాలురకు క్రికెట్టు తెలిసినంతగా బేస్‌బాలు తెలియదు. కావున మొదట ఆ యాటస్థలముయొక్క రూపమును గ్రహింపవలెను. ఒక మూలనుండి రెండు గీతలు లంబకోణముగా బయలుదేరి దూరముగా సాగును. ఆ మూలయే బంతిని కొట్టువాడు నిలుచు తావు. గీతల నడుమ ప్రక్క కొక్కటి 90 అడుగుల చొప్పున చతురస్ర మొకటి యుండును. దాని నాలుగు మూలలను చుట్టి వచ్చినవానికి ఒక పరుగు లభించును. దానికి వెలుపల పచ్చికనేల విసనకఱ్ఱవలె విచ్చుకొని యుండును. అమెరికా ఫుట్‌బాలునకో, 360 అడుగుల పొడవును 160 అడుగుల వెడల్పును గల దీర్ఘచతురస్రము కావలెను. ఇది మన మాడు ఫుట్‌బాలు కాదు. కోడిగ్రుడ్డు ఆకారముగల బంతిని చేతబట్టి పరుగెత్తు ఆట. విసనకఱ్ఱలో దీర్ఘచతురస్రము నిముడ్చు టెట్లు? క్షేత్రగణితము నభ్యసించు పై తరగతులవారు పటము గీచి చూతురు గాక.

చికాగో నగరపు ఉత్తరభాగమున, మిచిగన్ సరస్సునకు అనతిదూరమున నున్న రిగ్లీ ఫీల్డులో ఈ సమస్య అనేక సంవత్సరములు ప్రత్యక్షముగా కనబడినది. అచ్చట 1891 మొదలు లూథరను సంఘమువారి వేదశాస్త్ర పాఠశాల యుండెను. ప్రక్కనే పోవు రైలుబండ్ల పొగకును ధ్వనికిని తాళజాలక, 1910లో ఆ పాఠశాల వేరొకచోటికి తరలిపోయెను. నిశ్శబ్దముగా చదువుకొనగోరి విద్యార్థులు విడిచిన తావున నలువదివేలమంది కేకలు వేయుదురని అప్పు డెవ్వ రూహించి యుందురు?

1914లో చార్లెస్ వీగ్మన్ అను భోజనశాలల యజమాని తన జట్టుకొఱకు అచ్చట క్రీడారంగమును కట్టించెను. జకారీ టేలర్ డేవిస్ అను శిల్పి దానికి పటము వ్రాసెను. మార్చి 4వ తేదీన పని యారంభమై, ఏప్రిల్ 23వ తేదీననే ఆట జరిగెను. రెండు సంవత్సరములలో ఆ జట్టు చేరిన లీగు అంతరించెను. వీగ్మన్ కబ్స్ అను పాత జట్టును కొన్నవారిలో నొకడై, 1916లో వారి నచ్చటికి దెచ్చెను. తరువాత జట్టు విలియం రిగ్లీ వశమయ్యెను. ఈయన నమలెడు బంక నమ్మి ధనవంతుడైనవాడు. 1926 నుండి స్థలమునకు ఆయన పేరే నిలిచినది.

కబ్స్ అనగా ఎలుగుబంటి పిల్లలు. 1921లో జార్జి హాలస్ నడిపిన ఫుట్‌బాలు జట్టు అచ్చటికి వచ్చి, మరుసటి యేడు బేర్స్ అను పేరు దాల్చెను. ఫుట్‌బాలు ఆటగాండ్రు దేహమున పెద్దవారు గనుక, పిల్లలకంటె పెద్ద ఎలుగుబంట్లని పేరు పెట్టుకొనిరట! వారు 1970 వఱకు, ఏబది ఋతువులు, అచ్చటనే ఆడిరి. దీర్ఘచతురస్రపు ఒక కొన ఎడమవైపు గోడకు తాకునంత దగ్గరగా నుండెను. వేఱొక కొనయందలి మూల, బేస్‌బాలు ఆటగాండ్రు కూర్చుండు పల్లపు గదిలో పడుచుండెను. దెబ్బ తగులకుండ దానిని మెత్తలతో నింపెడివారు. 1963 డిసెంబరు 29న బేర్స్ న్యూయార్కు జెయింట్సును 14–10 లెక్కతో గెలిచి, ఆ చిన్నతావుననే దేశవిజేతలైరి. అయినను 50,000 మందికి తక్కువ పట్టు స్థలములు పనికిరావని లీగువారు నిబంధన చేయగా, 1971లో వారు సోల్జర్ ఫీల్డునకు వెడలిరి. విజయములు స్థలము నిలుపలేదు. కుర్చీల లెక్క దానిని పోగొట్టినది.

బేస్‌బాలుకు సయితము అట్టి గండమే వచ్చినది. ఇతర నగరములలో రాత్రిపూట దీపములక్రింద ఆడుచుండగా, ఇచ్చట మాత్రము పగటివేళనే ఆడెడివారు. 1941లో దీపస్తంభముల సామగ్రి సిద్ధమయ్యెను గాని, యుద్ధము రాగా దానిని ప్రభుత్వమున కిచ్చివేసిరి. తరువాత చుట్టుప్రక్కల కాపురమున్నవారు రాత్రియాటలను అడ్డగించిరి. వారి నిద్రకును వీథులకును భంగము కలుగుట నిజమే. దీపములు లేనిచో ఊరు విడుతుమని జట్టువారు బెదరించిరి. నా యభిప్రాయమున ఉభయపక్షములందును న్యాయము కలదు. తుదకు 1988లో నగరసభ పరిమితసంఖ్యలో అనుమతించెను. ఆగస్టు 8న దీపములు వెలిగింపగా, వాన కురిసి ఆట నడుమనే నిలిచిపోయెను! మరునాటి యాటలో కబ్స్ గెలిచిరి.

1937లో గోడలపై నెక్కించిన తీగలును, మనుష్యులు చేతితో మార్చు లెక్కపలకయు నేటికిని కలవు. బంతి ఆకులలో చిక్కినచో కొట్టినవానికి రెండు మజిలీలు మాత్రమే. 2020లో ఈ స్థలము జాతీయ చారిత్రక చిహ్నముగా గుర్తింపబడినది.

ఫుట్‌బాలు మరల రాకపోలేదు. 2010 నవంబరు 20న నార్త్‌వెస్టర్న్, ఇల్లినాయ్ విశ్వవిద్యాలయముల జట్లు ఆడవచ్చినప్పుడు, తూర్పుకొన ఇటుకగోడకు మిక్కిలి సమీపముగా నుండుటచే ప్రమాదమని యెంచి, ఇరుపక్షములవారును పడమటివైపునకే దాడి చేయవలెనని ఏర్పాటు చేసికొనిరి. బంతి చేతులు మాఱిన ప్రతిసారి అందఱును దిశ మార్చుకొని నిలువవలసి వచ్చెను. ఇల్లినాయ్‌వారు 48–27తో గెలిచిరి. 2021లో అచ్చట ఆడినప్పుడు మాత్రము రెండు కొనలును ఉపయోగపడినవి.