శస్త్రచికిత్సకు ముందు రోగి బలమును తెలిసికొనుట

పెద్దప్రేగు, మలాశయములలో పుట్టు క్యాన్సరుకు ప్రధాన చికిత్స శస్త్రచికిత్సయే. వ్యాధి సోకిన భాగమును కోసి తీసివేసి, సాధ్యమైనచోట మిగిలిన రెండు కొసలను వైద్యులు కలిపి కుట్టుదురు. ఆ కుట్టు అతుకుకొనుటకు దేహములో మాంసకృత్తులు ఉండవలెను. చీము పట్టకుండుటకు రక్తములో తెల్లకణములు చాలినన్ని ఉండవలెను. కుట్టు విడి మలము కడుపులోనికి కారినచో ప్రాణమునకే ముప్పు.

ఈ సంగతి నేటిది కాదు. 1936లో అమెరికా దేశపు క్లీవ్‌లాండ్ నగరమున స్టడ్లీ అను శస్త్రవైద్యుడు, జీర్ణకోశపు పుండ్లకు శస్త్రచికిత్స పొందినవారి బరువులను పరిశీలించెను. తమ బరువులో అయిదవ వంతుకు మించి కోల్పోయి వచ్చినవారిలో మూడవ వంతుమంది మరణించిరి. అంతగా తగ్గనివారిలో నూటికి ముగ్గురు నలుగురు మాత్రమే. పుండు వేరు, క్యాన్సరు వేరు. అయినను బరువు చెప్పు సాక్ష్యమును వైద్యులు నాటినుండి త్రోసిపుచ్చలేదు.

దీనికి గొప్ప యంత్రములు అక్కరలేదు. ఆరు నెలల క్రిందట 50 కిలోలున్న మనిషి నేడు 44 తూగినచో, నూటికి 12 వంతులు తగ్గినట్లు. 10 వంతులు దాటుట అపాయసూచన. పాత బరువు తెలియనిచో వదులైన గాజులు, జారుచున్న మొలత్రాడు చెప్పగలవు.

పిమ్మట రక్తపరీక్షలు. ఈ వ్యాధిలో లోలోపల నెత్తురు పోవును గనుక హిమోగ్లోబిన్ చూతురు. ఆల్బుమిన్ అను మాంసకృత్తు డెసిలీటరుకు 3.5 గ్రాములకు తగ్గరాదు. అయితే దేహములో వాపు, చీము ఉన్నను అది తగ్గును, తిండి లోపమే కారణమని తీర్మానింపరాదు. 1984లో జపాను వైద్యుడు ఒనోడెరా ఒక లెక్క చెప్పెను. ఆల్బుమిన్‌ను 10తో హెచ్చించి, ఘనపు మిల్లీమీటరు రక్తములోని లింఫోసైట్లను 0.005తో హెచ్చించి, రెంటిని కలుపవలెను. ఆల్బుమిన్ 3, లింఫోసైట్లు 1400 అయినచో 30కి 7 చేరి 37 వచ్చును. 40కి మించనిచో ప్రేగు కోసి కుట్టుట తగదని ఆయన హెచ్చరిక. నేటి వైద్యులు దీనినొక్కదానినే ప్రమాణముగా గ్రహింపరు.

రోగి మిక్కిలి నీరసించియున్నచో 7 నుండి 14 దినములు పోషణనిచ్చి, అవసరమైనచో శస్త్రచికిత్సను ఆమేరకు వాయిదా వేయుదురు. ఆ వాయిదాను చూచి బంధువులు బెదరనక్కరలేదు. కిలో బరువునకు దినమునకు 1.2 నుండి 1.5 గ్రాముల మాంసకృత్తులు కావలెను. 44 కిలోల మనిషికి సుమారు 60 గ్రాములు. ఒక గుడ్డులో ఉండునది 6 గ్రాములే. మూత్రపిండముల వ్యాధి ఉన్నవారు వైద్యుని అడిగియే ఈ మోతాదు పాటింపవలెను.

మన గ్రామములలో జరుగునది దీనికి విరుద్ధము. ఆపరేషను అనగానే పథ్యమని పప్పు, పాలు, గుడ్లు, చేపలు మాన్పించి, చారు మెతుకులతో వారముల తరబడి ఉంచుదురు. మా అభిప్రాయమున ఇంతకంటె అపకారము వేరొకటి లేదు. పంచాయతీ సభ్యులు ఆ యింటి పెద్దలతో మాట్లాడి, వారమునకొకసారి ఆరోగ్య ఉపకేంద్రమున రోగిని తూచి, ఆ అంకెలు వ్రాసిన కాగితమును ఆసుపత్రికి తీసికొనిపోవునట్లు చూడవలెను. కడుపు ఉబ్బి, వాంతులగుచు, మలము, వాయువు వెడలనిచో మాత్రము ప్రేగు మూసికొనియుండవచ్చును. అప్పుడు ఏ ఆహారమును బలవంతముగా పెట్టక వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను.