మొదటి అట్టు ఎవరిది?

అక్కలూ, చెల్లెళ్ళూ, పెనం మీంచి తీసిన మొదటి అట్టు మీరు తిని ఎన్నాళ్ళయింది? పెళ్ళయిన ఈ పాతికేళ్ళలో నేను తిన్న గుర్తు లేదు. మొదటిది ఆయనకి, రెండోది పిల్లాడికి, తర్వాతది అత్తయ్యగారికి. నా వంతు వచ్చేసరికి పిండీ అడుగంటేది, పచ్చడీ అడుగంటేది. అలా ఉండమని నాకెవరూ చెప్పలేదు. వడ్డించే చెయ్యి ఆఖర్న తినాలని మా అమ్మను చూసి నేర్చుకున్నాను.

అందుకే పాతికేళ్ళ పెళ్ళిరోజుకి ఎక్కడికెళ్దామని మా ఆయన అడగ్గానే, "ఇద్దరం పక్కపక్కన నిలబడి వేడివేడిగా తినే ఊరికి తీసుకెళ్ళండి" అన్నాను. ఆయన వెతికి వెతికి పట్టుకున్న ఊరు సాన్ సెబాస్టియన్. స్పెయిన్ ఉత్తర భాగంలో, ఫ్రాన్సు సరిహద్దుకి దగ్గర్లో, సముద్రం ఒడ్డున ఉంటుంది. అక్కడి బాస్కులు తమ భాషలో దొనోస్తియా అంటారు. ఆ భాషకి లోకంలో మరే భాషతోనూ చుట్టరికం తేలలేదట. భోజనానికి ముందు అనుకునే ‘ఓన్ ఎగిన్’, కృతజ్ఞతకి ‘ఎస్కెరిక్ ఆస్కో’, ఈ రెండు మాటలే నేర్చుకుని వెళ్ళాం. వాటికే ఎదుటివాళ్ళ మొహాలు విప్పారేవి.

పగలంతా ఆల్చిప్పలా ఒంపు తిరిగిన లా కోంచా తీరంలో నడక. సాయంత్రమైతే పాత ఊరి సందుల్లోకి. అక్కడొక వీధి పేరు ‘ఆగస్టు 31’. 1813లో అదే రోజున నెపోలియన్ సైన్యం నుంచి ఊరిని గెలుచుకున్న ఇంగ్లీషు, పోర్చుగీసు సైనికులే దాన్ని దోచి తగలబెట్టారు. ఊరు దాదాపు బూడిదైపోగా ఆ వీధి ఇళ్ళు కొన్ని మిగిలాయి. అంత కష్టం చూసిన వీధిలో ఇప్పుడు ఏ గుమ్మం ముందు నిలబడ్డా ఆలివ్ నూనె, వెల్లుల్లి వాసన.

వాళ్ళ తిండి పేరు పించోలు. చిన్న రొట్టెముక్క మీదో, పుల్లకి గుచ్చో ఇస్తారు. ఒక బారులో ఒకటో రెండో తిని పక్క బారుకి వెళ్ళడం అక్కడి పద్ధతి. మేం మొదట తిన్నది హిల్దా. ఉప్పులో ఊరిన ఆంచోవీ చేప, ఆలివ్ కాయ, వెనిగర్లో ఊరిన సన్నటి ఇబార్రా మిరపకాయలు ఒకే పుల్లకి గుచ్చుతారు. 1940లలో ఇక్కడే పుట్టింది. రీటా హేవర్త్ నటించిన ‘గిల్డా’ సినిమా పేరే దీనికి పెట్టారు. అలవాటు చొప్పున నా చేతిలోది ఆయనకి అందించాను. ఆయన తన పుల్ల చూపించి, "నాది నా దగ్గరుందిగా, నీది నువ్వు తిను. ఇద్దరం ఒకేసారి" అన్నారు. ఉప్పూ పులుపూ కారం కలిసి నాలుకకి తగిలాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ మిరపకాయకి అంత కారం లేదమ్మా.

మీరెవరైనా వెళ్తే గుర్తుంచుకోవాల్సినవి చెబుతాను. బల్ల మీద పేర్చినవి చూసి ఆగిపోకండి. వేడివి బోర్డు మీద రాసి ఉంటాయి, అడిగితే అప్పటికప్పుడు చేసిస్తారు. రాత్రి వంట ఎనిమిది దాటాకే జోరందుకుంటుంది. బార్ నెస్టర్‌లో బంగాళాదుంప ఆమ్లెట్టు మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి, అంతే చేస్తారు. ముందే వెళ్ళి పేరు చెప్పుకుంటేనే ముక్క దొరుకుతుంది. మాంసం తినని చెల్లెళ్ళు గన్‌బారాలో గుడ్డు పచ్చసొనతో ఇచ్చే పుట్టగొడుగులు, ఉప్పు చల్లిన గెర్నికా మిరపకాయల వేపుడు తినొచ్చు. కానీ కూరగాయల వంటల్లో కూడా పంది మాంసం ముక్కలు పడుతుంటాయి, తప్పకుండా అడగండి. చాకోలి అనే తెల్ల ద్రాక్షసారాని ఎత్తునుంచి గ్లాసులోకి ధారగా పోస్తారు. అది వద్దనుకుంటే ‘మోస్తో’ అనండి, ద్రాక్షరసం ఇస్తారు. ఇక లా విన్యాలో చీజ్‌కేక్. పైన నల్లగా మాడి, లోపల జున్నులా వణుకుతుంది. చిన్నప్పుడు పాలగిన్నె అడుగున గోకుడు కోసం అన్నతో పోట్లాడిన రుచి గుర్తొచ్చింది.

మూడో రోజు బస్సెక్కి గెతారియా అనే చేపల రేవుకి వెళ్ళాం. మొట్టమొదటగా భూమిని చుట్టొచ్చిన ఓడని 1522లో ఇంటికి చేర్చిన ఎల్కానోదీ, పేరున్న దుస్తుల రూపకర్త బాలెన్సియాగాదీ ఆ చిన్న ఊరే. అక్కడ హోటళ్ళవాళ్ళు వీధిలోనే బొగ్గుల పొయ్యి పెట్టి, పళ్ళెంలా బల్లపరుపుగా ఉండే టర్బట్ చేపని తీగల జల్లెడలో బిగించి, తలా తోకా తియ్యకుండా కాలుస్తారు. మసాలా ఏమీ ఉండదు. ఉప్పు, నూనె, వెనిగర్ చిలకరింపు. మా ఆయనది గోదావరి గట్టు, పుస్తెలమ్మైనా పులస తినాలనే ఊరు. "మసాలా లేకుండా చేపా?" అని సందేహిస్తూనే తిన్నారు. తర్వాత బుగ్గల దగ్గరి మెత్తటి కండ, రెక్కల అంచున జిగురూ ఏరి, ముల్లు లేకుండా తీసి నా పళ్ళెంలో పెట్టారు. పాతికేళ్ళుగా ఆ పని నాదే.

ఒక సంగతి మాత్రం నన్ను కలవరపెట్టింది. ఆ ఊళ్ళో వంట సంఘాలున్నాయి. 1870లో మొదలైనది ఇప్పటికీ నడుస్తోంది. సభ్యులే, ఎక్కువగా మగవాళ్ళు, కూరలు తెచ్చుకుని, వండుకుని, కలిసి తింటారు. మగవాళ్ళు ప్రేమగా వండుతారంటే సంతోషించాను. చాలాకాలం ఆడవాళ్ళని లోపలికే రానివ్వలేదని, ఇప్పటికీ కొన్నిచోట్ల వంటగదిలో అడుగు పెట్టనివ్వరని తెలిసి మనసు చివుక్కుమంది. మగవాళ్ళు వండితే వేడుక, మనం వండితే విధి అన్నమాట. అదే ఊళ్ళో ఆర్జాక్ హోటలుకి, వంటకి గుర్తింపుగా ఇచ్చే మిషెలిన్ నక్షత్రాలు 1989 నుంచి మూడున్నాయి. అంతకుముందెప్పుడో ఆ హోటలాయన పోయాక దాన్ని నిలబెట్టింది ఆయన భార్య. కొడుకు హువాన్ మారీ పేరు తెచ్చాడు. ఆయన కూతురు ఎలెనా 2012లో ప్రపంచపు ఉత్తమ మహిళా చెఫ్‌గా ఎంపికైంది. నానమ్మ కష్టం మనవరాలి చేతిలో వెలిగింది. ఆ గుమ్మం ముందు నిలబడి ఫోటో దిగి, మా అమ్మకి పంపించాను.

ఇల్లు చేరిన మొదటి ఆదివారం పెనం పొయ్యి మీద పెట్టాను. మొదటి అట్టు తీసి, అలవాటు ప్రకారం "రండి" అని పిలిచాను. ఆయన వచ్చి బల్ల దగ్గర కూర్చోలేదు. పొయ్యి పక్కనే నిలబడి అట్టుని రెండుగా చింపి, నా వాటా పచ్చడిలో ముంచి నాకందించారు. అట్టు వేడికి నాలుక చురుక్కుమంది. "ఓన్ ఎగిన్" అన్నారు.

రెండో అట్టు ఆయనే వేశారు. వంకరగా వచ్చింది. అదీ చెరిసగం పంచుకున్నాం.