పాత వాచీ వేలానికొచ్చింది: అసలుదో కాదో ఎలా తేల్చుకోవాలి?

జనగామలోనో, మానుకోటలోనో, భూపాలపల్లిలోనో ఉండి పాత చేతివాచీల వేలంలో పాట పాడటం ఒకప్పుడు అయ్యే పని కాదు. ఇప్పుడు వేలమే ఫోన్లోకి వచ్చింది. 'ఫేవర్ లూబా, 1960ల నాటిది, పూర్తిగా ఒరిజినల్' అని రాసి నాలుగు ఫోటోలు పెడతారు. గడువు ముగిసేదాకా ఒకరి మీద ఒకరు ధర పెంచుకుంటూ పోతారు. తీరా వాచీ ఇంటికొచ్చాక వెనక మూత తీయిస్తే డయల్ ఒక వాచీది, మెషీన్ ఇంకో వాచీది, ముళ్లు ఎక్కడివో తెలియదు. డబ్బు కట్టకముందే దీన్ని పట్టుకునే పద్ధతి కొత్తవాళ్ల కోసం చెబుతున్నాను.

ముందు ఒక సంగతి. పాత వాచీ అసలుదా అంటే కంపెనీ పేరు నిజమేనా అని మాత్రమే కాదు. డయల్, ముళ్లు, కేసు, మెషీన్ మొదటి నుంచీ ఒక్కచోటే ఉన్నాయా అన్నది చూడాలి. కలిసి ఉన్నవి కలిసే పాతబడతాయి. ఒకటి వాడిపోయి, పక్కది నిన్ననే చేసినట్టు కనిపిస్తే అక్కడ ఆగాలి. కింద చెప్పే పరీక్షలన్నీ ఇందులోంచి వచ్చినవే.

మొదటి మెట్టు: ఇంట్లో వాచీతో నేర్చుకోండి

పాత వరంగల్ జిల్లా ఇళ్లలో పెండ్లికి అల్లుడికి పెట్టిన వాచీయో, రిటైర్మెంటు సభలో శాలువాతో పాటు ఇచ్చిన వాచీయో బీరువాలో ఒకటి దొరుకుతుంది. చాలాసార్లు అది హెచ్ఎంటీయే. జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో 1961లో బెంగళూరులో మొదలైన ఈ వాచీల తయారీ, 2016లో ఉత్తరాఖండ్‌లోని రాణీబాగ్ ఫ్యాక్టరీ మూతతో చాలావరకు ఆగిపోయింది. అప్పట్నుంచి జనతా, పైలట్ లాంటి మామూలు వాచీలకు కూడా గిరాకీ పెరిగింది. గిరాకీ ఉన్నచోటికి నకిలీ తనంతట తానే వస్తుంది.

ఆ వాచీని బస్టాండు దగ్గరో అంగడి బజార్లోనో ఇంకా కూర్చుంటున్న పాత మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి. మూత మీరు కత్తితో ఎత్తొద్దు, గీతలు పడతాయి. ఆయన తీశాక, కంటికి పెట్టుకునే ఆ భూతద్దంలోంచి మీరూ చూడండి. లోపలి మెషీన్ మీద కంపెనీ పేరు, 17 జ్యువెల్స్ అన్న అంకె కనిపిస్తాయి. జనతా, పైలట్‌లలో ఉండేది రోజూ కీ ఇవ్వాల్సిన 0231 మెషీన్. తర్వాత కేసు చూడండి. చాలా జనతాలకు ఇత్తడి మీద క్రోమ్ పూత ఉంటుంది. బెల్టు తగిలించే కొమ్ముల దగ్గర, చెమట తగిలేచోట పూత లేచి పసుపు తేలుతుంది. ఇత్తడి పనికి పేరున్న పెంబర్తి పక్కన పెరిగినవాళ్లకు ఇత్తడి ఏ రంగుకు తిరుగుతుందో చెప్పనక్కర్లేదు. ఆ అరుగుదల గుర్తు పెట్టుకోండి. ఏభై ఏళ్ల జనతా మీద అది ఎక్కడా లేకపోతే ఎవరో మళ్లీ పూత వేయించి ఉండొచ్చు.

రెండో మెట్టు: డయల్

వాచీ ధరలో పెద్ద భాగం డయల్‌దే, మోసంలోనూ పెద్ద భాగం దానిదే. అందుకే ఎక్కువ సేపు ఇక్కడే గడపాలి.

పాడైన డయల్‌ని గీకి, రంగు వేసి, పేరు మళ్లీ అచ్చేసి అమ్మడం మన దేశంలో చాలాకాలంగా ఉన్న వ్యాపారం. హెచ్ఎంటీ, ఫేవర్ లూబా, వెస్ట్ ఎండ్, కామీ, హెన్రీ శాండోజ్ వాచీలకు ఈ పని బాగా జరిగింది. ఇలాంటివాటిని, పాత వాచీలు సేకరించేవాళ్లు 'ముంబై స్పెషల్' అని పిలుస్తారు. చిలకపచ్చ, నారింజ రంగుల్లోనో, జెండా, సైన్యం గుర్తులతోనో మెరిసే హెచ్ఎంటీ కనిపిస్తే ముందు దీన్నే అనుమానించండి. కుర్రాళ్లకు అవి నచ్చుతాయి. నచ్చితే నచ్చిన ధరకు కొనుక్కోవచ్చు, ఒరిజినల్ ధరకు మాత్రం వద్దు.

ఫోటోని వేళ్లతో పెద్దది చేసి పేరులోని అక్షరాలు చూడండి. ఫ్యాక్టరీ అచ్చు అంచులు పదునుగా ఉంటాయి. చేతిపని అయితే సిరా పాకినట్టు, అక్షరాలు లావు సన్నంగా కనిపిస్తాయి. నిమిషాల గీతలు గంటల గుర్తుల నడిమికి వచ్చాయా, పక్కకు జరిగాయా? సెకన్ల చిన్న వలయం ఉంటే దాని గీతలు గుండ్రానికి సరిపోయాయా? స్విస్ వాచీ అయితే 6 అంకె కింద, డయల్ అంచున సన్నగా 'స్విస్' అనో 'స్విస్ మేడ్' అనో సాధారణంగా ఉంటుంది. మళ్లీ రంగు వేసేవాళ్లు తరచూ మరిచేది, తప్పుగా రాసేది ఆ చిన్న అక్షరాలనే. తర్వాత అదే మోడల్‌వి ఇంకో పది ఫోటోలు వెతికి పక్కన పెట్టుకోండి. పాత పత్రికల్లోని వాచీ ప్రకటనలు దొరికితే ఇంకా మంచిది. పదింటిలో లేని రంగు ఈ ఒక్కదానికే ఉంటే 'అరుదైనది' అన్న మాటకు పొంగిపోవద్దు.

మూడో మెట్టు: ముళ్లు, చీకట్లో వెలిగే రంగు

చీకట్లో వెలిగేదాన్నంతా మనం రేడియం అనేస్తాం గానీ అందులో తరాలున్నాయి. మొదట నిజంగానే రేడియం వాడారు. 1960ల నుంచి ట్రిటియం వచ్చింది, 1990ల చివర్లో అదీ పోయి రేడియోధార్మికత లేని రంగులు వచ్చాయి. ట్రిటియం వాడిన స్విస్ డయల్ అడుగున చాలావాటికి 'టి' అక్షరాలు ఉంటాయి. కాబట్టి '1950ల వాచీ' అంటూ ఆ 'టి' కనిపిస్తే, ఒకటి తేదీ తప్పు, లేదా డయల్ తర్వాత మారింది.

నకిలీ నోట్లు చూసే నీలి టార్చి వేసి, ఆర్పి వీడియో తీయమని అమ్మేవారిని అడగండి. పాత ట్రిటియం రంగు టార్చి ఆరగానే మసకబారిపోతుంది. నిమిషాల తరబడి వెలుగుతుంటే కొత్త రంగు పూశారు. ముళ్ల మీది రంగు, డయల్ మీది రంగు ఒకేలా ముదిరాయా అన్నదీ చూడండి. ఇంకో మాట: రేడియం డయల్ ఇప్పుడు వెలగకపోయినా దాని రేడియోధార్మికత పోలేదు. దాన్ని గీకొద్దు, ఇంట్లో విప్పొద్దు.

నాలుగో మెట్టు: నంబర్లు

గల్ఫ్ నుంచి వచ్చిన సీకో వాచీలు మన దగ్గర చాలానే ఉన్నాయి. కొత్తవాళ్లు నేర్చుకోడానికి వాటంత మంచి వాచీ లేదు. వెనక మూత మీద నాలుగు అంకెలు, గీత, మళ్లీ నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి నాలుగు మెషీన్ నంబరు. లోపలి మెషీన్ మీదా, డయల్ అడుగు అంచున ఉండే చీమ తలకాయంత అక్షరాల్లోనూ అవే నాలుగు అంకెలు రావాలి. మూత 6119 అని, డయల్ 7009 అని చెబితే ఆ వాచీ రెండు వాచీల కలయిక. విడిగా ఉన్న సీరియల్ నంబరులో మొదటి అంకె ఏడాది చివరి అంకె, రెండోది నెల. నవంబరుకు 'ఎన్', డిసెంబరుకు 'డి' వేస్తారు. 5ఎన్ అని మొదలైతే 1975 నవంబరో, 1985 నవంబరో. ఏ దశాబ్దమో మెషీన్ మోడల్‌ని బట్టి తేలుతుంది.

లాంజీన్స్, పాటెక్ ఫిలిప్ లాంటి కంపెనీలు పాత రిజిస్టర్లు చూసి వివరాలు రాసిస్తాయి. అయితే ఆ కాగితం ఆ నంబరు వాచీ ఎప్పుడు తయారైందో చెబుతుంది. ఇవాళ దాని మీదున్న డయల్ అప్పటిదేనని చెప్పదు.

ఐదో మెట్టు: కేసు, మెషీన్

కేసు త్వరగానే తేలుతుంది. కొమ్ముల అంచులు పదునుగా ఉన్నాయా, పాలిష్‌తో గుండ్రమయ్యాయా? వెనక చెక్కిన అక్షరాలు అరిగి అలికినట్టున్నాయా? బంగారు పూత కింద గుంటలు, గీతలు కనిపిస్తే పూత కొత్తది.

మెషీన్ మీద వేరే పేరుంటే వెంటనే కంగారు పడొద్దు. స్విట్జర్లాండులో చాలా కంపెనీలు ఏ.షీల్డ్, ఈటీఏ లాంటివాళ్ల దగ్గర మెషీన్లు కొని వాడుకున్నాయి. ఆ మోడల్‌కి ఆ మెషీన్ వాడారా లేదా అన్నదే వెతకాలి. మెషీన్ కేసులో వదులుగా ఉండి చుట్టూ ప్లాస్టిక్ ముక్కలు దోపి ఉంటే మాత్రం ఇక వెతకనక్కర్లేదు.

అద్దం, కీ, బెల్టు మారడం తప్పు కాదు. అవి అరిగేవే, మార్చేవే.

పెద్ద వేలమైతే భయం లేదా?

2021 నవంబరులో జెనీవాలో ఫిలిప్స్ సంస్థ వేలంలో 1957 నాటి ఒమేగా స్పీడ్‌మాస్టర్ ఒకటి 31 లక్షల స్విస్ ఫ్రాంకులకు పైగా పలికింది. మన లెక్కలో దాదాపు 25 కోట్లు. కొన్నది ఒమేగా కంపెనీ మ్యూజియమే. 2023లో అదే కంపెనీ, ఆ వాచీ వేర్వేరు వాచీల భాగాలతో కూర్చినదనీ, ఇందులో తమ మాజీ ఉద్యోగుల ప్రమేయం ఉందనీ చెప్పింది. ఎండకు మారినట్టు కనిపించే ఆ గోధుమరంగు డయల్‌కే జనం మురిసిపోయారు. తయారు చేసిన కంపెనీయే బోల్తా పడిన చోట నాలుగు ఫోటోలు చూసే మనం ఎంత జాగ్రత్తగా ఉండాలి!

చివరి మెట్టు: అడగండి, తర్వాత పాడండి

వేలం వివరాల్లో 'రీఫినిష్డ్', 'రీస్టోర్డ్' అని ఉంటే డయల్ మళ్లీ చేసిందని అర్థం. 'యాజ్ ఈజ్' అంటే తర్వాత గోల చేసినా వినరు. పలికిన ధర మీద కమీషన్ వేరే ఉంటుంది. పెద్ద సంస్థల్లో అది పావు వంతు దాటొచ్చు, పన్నులు అదనం. అన్నీ కలిపి మీ పైధర ఎంతో కాగితం మీద రాసుకుని, అక్కడ ఆగండి.

పాట మొదలవకముందే మూడు ఫోటోలు అడగండి: మూత తీసిన మెషీన్, మూత లోపలి వైపు, ఎండలో పక్క నుంచి తీసిన డయల్. నిజాయితీగా అమ్మేవారికి ఇది పది నిమిషాల పని. 'మూత రావడం లేదు', 'మెకానిక్ ఊళ్లో లేడు' అంటే వదిలేయండి. హెచ్ఎంటీ ఒక్కటే 10 కోట్లకు పైగా వాచీలు చేసింది. ఇది పోతే ఇంకోటి వేలానికి వస్తుంది. మూత తీసి చూపించని వాచీకి మాత్రం పాట పాడొద్దు.