ఎండినట్లు కనబడు కుండీ చెట్టు

పుష్యము గడచి మాఘము ప్రవేశించునప్పటికి మన ఇండ్ల ముంగిళ్లలోని కుండీలలో కొన్ని మొక్కలు ఆకులన్నియు రాల్చి కట్టెలవలె నిలిచియుండును. జూన్ 5వ తేదీన, ప్రపంచ పర్యావరణ దినమునాడు, బడిలో నిచ్చిన దానిమ్మ మొక్కయో, తాతగారు నాటిన అంజూరమో అట్లు కనబడినపుడు “ఇది చచ్చినది” అని పెరికివేయుట కద్దు. రెండు మూడు వేసవులు బిందెలతో నీరు మోసి పెంచిన చెట్టు, నీటి విలువ నెరిగిన పావగడ తాలూకాలో, తొందరపడి పారవేయదగినది కాదు. ఆ కట్టెలో ప్రాణమున్నదో లేదో తెలిసికొను విధమును, ఉన్నచో నిలుపుకొను విధమును ఈ పాఠమున వివరింతుము.

చెట్టు స్వభావము

అంజూరము, సీతాఫలము, దానిమ్మ ఆకు రాల్చు గుణము గలవి. చలిదినములలో పగలు కురుచయై, నేల తడి తగ్గినపుడు ఇవి ఆకులను వదలి, ఆహారమును కాండమునందును వేళ్లయందును దాచుకొని విశ్రమించును. మన ప్రాంతమున నీరు గడ్డకట్టునంతటి చలి లేదు. కావున ఇచ్చట చలి యొక్కటియే చెట్టును చంపుట అరుదు. దానిమ్మ రైతులు తామే నీరు మాన్పి, ఆకు రాలునట్లు చేసి, మరల నీరు గట్టి పూత రప్పింతురు. జనవరి, ఫిబ్రవరి మాసముల పూతను అంబె బహారు అనియు, జూన్, జులై మాసములదానిని మృగ బహారు అనియు, సెప్టెంబరు, అక్టోబరు మాసములదానిని హస్త బహారు అనియు వ్యవహరింతురు. ఆకు రాలుట చావు గాదనుటకు ఇదియే నిదర్శనము.

నిమ్మ, జామ, సపోటా అట్టివి కావు. అవి ఏడాది పొడవునను ఆకుతో నుండును. వాని ఆకులన్నియు రాలినచో వేరునకు ఏదో కీడు కలిగినదని యెంచి వెంటనే పరీక్షింపవలెను.

ప్రాణ పరీక్ష

కొనకొమ్మను మెల్లగా వంచి చూడవలెను. వంగినచో పచ్చిదనమున్నది, పుటుక్కున విరిగినచో ఆ కొన యెండినది. పిదప గోటితో బెరడును కొంచెము గీరవలెను. లోపల పచ్చగా, తడిగా నున్నచో ఆ భాగము సజీవము. గోధుమరంగున పొడిగా నున్నచో నిర్జీవము. కొననుండి జేనెడు జేనెడు చొప్పున క్రిందికి దిగుచు గీరి, పచ్చదనము కనబడినచోట దారము కట్టవలెను. కాండమంతయు ఎండియున్నను నిరాశ వలదు. మొదట మన్ను కొద్దిగా తొలగించి, వేరు మొదలును గీరి చూడవలెను. అంజూరము, దానిమ్మ మొదటినుండి మరల చిగిర్చు శక్తి గలవి.

మూడు కారణములు

మొదటిది నీటిలేమి. మన్ను మిక్కిలి ఎండినపుడు కుంచించుకొని కుండీ గోడను విడిచిపెట్టును. అప్పుడు పోసిన నీరు ప్రక్కసందునుండి జారిపోవును గాని వేళ్లకు అందదు. అట్టి కుండీని నీటితొట్టిలో నుంచి, బుడగలు వచ్చుట ఆగువరకు నాననిచ్చి, తీసి నీరు కారనీయవలెను. మిగిలిన నీటిని ఇతర మొక్కలకు పోయవచ్చును.

రెండవది నీటి యాధిక్యము. ఆకు లేని చెట్టు త్రాగు నీరు స్వల్పము. వేసవిలోవలె ప్రతిదినము పోసినచో వేళ్లకు గాలి యాడక కుళ్లును. మంటిలో దుర్వాసన కలిగి, వేళ్లు నల్లబడి మెత్తగా నున్నచో, చెట్టును తీసి, కుళ్లిన వేళ్లను కత్తిరించి, ఇసుక కలిపిన క్రొత్త మంటిలో నాటవలెను. కుండీ అడుగున రంధ్రము తెరచియున్నదో లేదో ముందుగా చూడవలెను.

మూడవది లవణము. ఇది మన తాలూకాలో ప్రత్యేకముగా గమనింపదగినది. ఇచ్చటి అనేక బోరుబావుల నీటిలో ఫ్లోరైడు మిక్కుటమని అందరెరిగినదే. అది ముఖ్యముగా మనుష్యుల దంతములకును ఎముకలకును హానికరము. కుండీ మొక్కకు ఎక్కువ కీడు చేయునది మాత్రము కఠిన జలములోని ఇతర లవణములు. నీరు ఆవిరియై పోవును, లవణము మంటిలో నిలిచిపోవును. మంటిపైనను కుండీ వెలుపలను కనబడు తెల్లని పొర దానికి గుర్తు. శుద్ధజల కేంద్రములలో వ్యర్థముగా విడుచు నీటిలో ఈ లవణములు మరింత చిక్కనై యుండును. దానిని కుండీలకు పోయరాదు. తొలివానలలో ఇంటికప్పు నీటిని పట్టి, కుండీ పరిమాణమునకు రెండు మూడింతలు మెల్లగా పోసినచో లవణము అడుగు రంధ్రమున కొట్టుకొనిపోవును.

చికిత్స

దారము కట్టినచోటికి కొంచెము పైన, సజీవమైన కణుపును ఆనుకొని, పదునైన కత్తితో ఏటవాలుగా ఎండుభాగమును కోయవలెను. గాయమునకు బోర్డో లేపనము పూయుట మేలు. లీటరు నీటికి మైలుతుత్తము 100 గ్రాములు, సున్నము 100 గ్రాములు చొప్పున, వేర్వేరుగా కరగించి కలిపినచో ఇది సిద్ధమగును. ఇనుపపాత్ర వాడరాదు, మైలుతుత్తము దానిని తినివేయును. ఈ పని పెద్దలే చేయవలెను.

పిదప కుండీని ఉదయపుటెండ మాత్రము తగులు తావున నుంచవలెను. తిరుమణి ప్రాంతమున 2,050 మెగావాట్ల విద్యుత్తు నిచ్చు సూర్యశక్తి కేంద్రమునకు ఆధారమైన ఎండయే పడమటి గోడప్రక్కనున్న కుండీ వేళ్లను ఉడికించును. రెండంగుళముల లోతున మన్ను పొడిగా నున్నపుడే నీరు పోయవలెను. చిగురు విచ్చి ఆకులు ముదురువరకు ఎరువు వేయరాదు. బలహీనమైన వేళ్లకు అది ఔషధము గాదు, భారము.

ఓపిక

కొన్ని ఉగాదికే చిగిర్చును. సీతాఫలము వేసవి వానలవరకు ఆలసింపవచ్చును. జూన్ మాసాంతమునకును చిగురు లేక, వేరు మొదట సైతము పచ్చదనము లేనిచో, అప్పుడు ఆశ విడువవచ్చును. అంటుమొక్క యైనచో అంటు క్రింద వచ్చు చిగురును గిల్లివేయవలెను. అంటు పైభాగమంతయు చచ్చినచో, క్రిందిది బ్రదికినను వెనుకటి పండు రాదు.

తల్లిదండ్రులారా! ఈ పరీక్షను మీరొక్కరే చేయక, పిల్లలచేత చేయింపుడు. గీరిన తేదీ, దారము కట్టిన చోటు, నీరు పోసిన దినము ఒక పుస్తకమున వ్రాయింపుడు. బడిలో దాళింబె యని చదివినదానిని ఇంట దానిమ్మ యని వ్రాసినచో రెండు భాషలును స్థిరపడును. చిగురు అను మాట మాత్రము తెలుగునను కన్నడమునను ఒక్కటియే. అది కనబడిన దినమును పుస్తకమున వ్రాయు బిడ్డ, మరియొక కట్టెను చూచినపుడు పెరుకుటకు ముందు గోటితో గీరి చూచును.